పెద్దమ్మ కండ ఎటు పోయింది?

మీ ఇంట్లో తాతయ్యగాని, అమ్మమ్మగాని, నాయనమ్మగాని ఉన్నారా? ఉంటే ఈ నెల సంగతి చదవడం మొదలుపెట్టే ముందు వాళ్ళు కుర్చీలోంచి ఎలా లేస్తున్నారో ఒక్కసారి చూసి రండి. చేతులు ఊతం పెట్టకుండా లేచారా? మోకాళ్ళమీద రెండు అరచేతులూ ఆనించి, నిట్టూర్చి లేచారా? లేక ఎవరినన్నా చెయ్యి ఇమ్మన్నారా? చూసినది జ్ఞాపకం పెట్టుకోండి. దానితో మనకు పని ఉంది.

మా పెద్దమ్మ సంగతి చెబుతాను. ఆమెకిప్పుడు 74 ఏళ్ళు. నా చిన్నతనంలో ఆమె నూతిలో నీళ్ళు తోడి, నిండు బిందె చంకనెత్తుకుని, రెండో చేత్తో నన్ను ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చేది. తడిసిన దుప్పటిని ఆమె పిండి దండెంమీద వేస్తే కింద ఒక్క చుక్క కారేది కాదు. అటువంటి మనిషి పోయిన సంక్రాంతికి ఊరగాయ సీసా మూత తిప్పలేక పదేళ్ళ మనవడి చేతికిచ్చింది. పీటమీద కూర్చుంటే లేవడానికి ఒకరు చెయ్యి ఇవ్వాలి. స్నానాలగది గడప దాటబోతూ తూలి గోడ పట్టుకున్నది. దెబ్బ తగల్లేదు గనక సరిపోయింది.

"వయసు మీదపడటం లేదుట్రా! ఎల్లకాలం ఒక్కలాగే ఉంటామా?" అంటుంది పెద్దమ్మ.

మా అన్నయ్యకు, అంటే పెద్దమ్మ కొడుక్కు, ఈ జవాబు నచ్చలేదు. ఆమెను కాటామీద నిలబెట్టి తూచాడు. పదేళ్ళ క్రితం 58 కిలోలు, ఇప్పుడు 57. చిక్కిపోలేదన్నమాట! తరవాత రక్తం పరీక్ష చేయించాడు. ఆ కాగితంలో 'క్రియాటినిన్' అని ఒక అంకె ఉంటుంది. మూత్రపిండాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి వైద్యులు దాన్ని చూస్తారు. అది పెరిగితే మూత్రపిండాలకు కష్టం వచ్చిందని అనుమానిస్తారు. పెద్దమ్మకు 0.7 వచ్చింది.

"చూశావుట్రా, అమ్మ మూత్రపిండాలు పాతికేళ్ళ పిల్లవి లాగా ఉన్నాయి!" అని అన్నయ్య ఆ కాగితం నాకు చూపించాడు. నేను కూడా సంతోషించాను. ఇద్దరమూ పొరపడ్డాం.

ఆ కాగితం చూసి సంతోషించనిది డాక్టరమ్మ ఒక్కతే. ఆమె పెద్దమ్మ జబ్బ పట్టుకుని చూసింది. పిక్క చుట్టూ టేపు పెట్టి కొలిచింది. స్ప్రింగు ఉన్న ఒక పిడి చేతికిచ్చి, "మీ బలమంతా పెట్టి నొక్కండి, పెద్దమ్మగారూ," అన్నది. పెద్దమ్మ పళ్ళు బిగించి నొక్కితే ముల్లు 14 కిలోల దగ్గర ఆగిపోయింది. అప్పుడు డాక్టరమ్మ, "మోకాళ్ళ నొప్పులకు ఏమన్నా మాత్రలు వాడుతున్నారా?" అని అడిగింది. పెద్దమ్మ కొంగుముడి విప్పి చూపించింది. చీటీ లేకుండా మందుల షాపులో కొన్న నొప్పి మాత్రలు. రోజుకు రెండు చొప్పున రెండేళ్ళుగా మింగుతున్నదట. మాతో ఒక్కనాడూ చెప్పలేదు.

డాక్టరమ్మ ఆ మాత్రలు తన బల్లమీద ఉంచేసుకుని, ఇంకొక రక్తపరీక్ష రాసింది. అదేమిటో, ఎందుకో చెప్పాలంటే ముందు కండ సంగతి చెప్పాలి.

మన ఒంట్లో ఆరువందలకు పైగా కండరాలున్నాయి. పడుచువాడి బరువులో ఇంచుమించు నూటికి 40 వంతులు కండే. మనం పుట్టినప్పటి నుంచి పాతిక, ముప్ఫై ఏళ్ళదాకా అది పెరుగుతుంది. ఆ తరవాత మెల్లిమెల్లిగా తరగడం మొదలుపెడుతుంది. పదేళ్ళకు నూటికి 3 మొదలు 8 వంతులదాకా పోతుందని లెక్క. అరవై దాటాక ఆ వేగం ఇంకా హెచ్చుతుంది. కండ తరిగేదానికన్నా బలం తరగడం ఇంకా త్వరగా జరుగుతుంది. పోయిన కండ స్థానంలో కొవ్వు వచ్చి కూర్చుంటుంది. బస్తాలోంచి బియ్యం తీసి అంత బరువూ ఊక పోసినట్టు! కాటాకు ఈ మోసం తెలియదు. పెద్దమ్మ బరువు తగ్గకపోవడంలో కిటుకు ఇదే.

ఇంతటి సంగతికి 1989 దాకా ఒక పేరు కూడా లేదు. ముసలితనం గనక బలం తగ్గింది అని ఊరుకునేవారు. అమెరికాలో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే వైద్యుడు, పేరంటూ ఉంటేగాని దీన్ని ఎవరూ పట్టించుకోరని, గ్రీకు భాషలోంచి రెండు ముక్కలు తీసి 'సార్కోపీనియా' అని నామకరణం చేశాడు. సార్క్స్ అంటే మాంసం, పీనియా అంటే లేమి. మనం 'కండలేమి' అనుకుందాం. పేరు పెట్టాక కూడా, అమెరికాలో వైద్యులు వాడే రోగాల పట్టికలో దీనికి ఒక నంబరు రావడానికి 2016 దాకా పట్టింది.

మరి ఎవరికి కండ ఎంత ఉన్నదీ తెలుసుకోవడం ఎలా? మనిషిని గుండ్రటి సొరంగంలోకి పంపి లోపలి బొమ్మ తీసే పెద్ద అయస్కాంతపు యంత్రాలున్నాయి. పలచని ఎక్సురే కిరణాలతో ఎముక వేరు, కొవ్వు వేరు, కండ వేరుగా లెక్కకట్టే యంత్రాలున్నాయి. అవి పెద్ద ఊళ్ళలో ఉంటాయి, ఖర్చుతో కూడిన పని. ప్రతి పల్లెలోని ప్రతి ముసలమ్మనూ వాటి దగ్గరకు ఎవరు తీసుకుపోతారు? అదే, చెంచాడు రక్తం తీసి చూస్తే కండ సంగతి తెలిసిపోయేటట్టయితే ఎంత బాగుంటుంది! శాస్త్రజ్ఞులు చాలాకాలంగా దీనికోసమే వెతుకుతున్నారు. ఆ వెతుకులాట ఒక మాంసపు పులుసుతో మొదలైంది.

1832లో ఫ్రాన్సులో షెవ్రెల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మాంసం ఉడికించిన రసంలోంచి ఒక కొత్త పదార్థాన్ని వేరు చేశాడు. గ్రీకులో 'క్రెయాస్' అన్నా మాంసమే గనక దానికి 'క్రియాటిన్' అని పేరు వచ్చింది. (ఈ షెవ్రెల్ 1786లో పుట్టి 1889లో పోయాడు. అంటే 102 ఏళ్ళు బతికాడు. ముసలితనపు కథ ఇంతటి వృద్ధుడితో మొదలు కావడం నాకు సరదాగా ఉన్నది.) తరవాత 1847లో లీబిగ్ అనే జర్మను పండితుడు నక్కలతో ఒక పరీక్ష చేశాడు. వేటకుక్కలు తరిమితే పరుగెత్తి పరుగెత్తి చచ్చిన నక్కల మాంసంలో క్రియాటిన్ ఎంత ఉన్నది, 200 రోజులు కట్టేసి మేపిన నక్క మాంసంలో ఎంత ఉన్నది అని చూశాడు. పరుగెత్తిన నక్కల్లో పది రెట్లు ఉన్నదని రాశాడు. కండ పనిచేయడానికీ, ఈ పొడికీ ఏదో సంబంధం ఉన్నదన్నమాట. ఏమిటా సంబంధం? దానికి జవాబు దొరకడానికి ఇంకొక 80 ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు మన కథలోకి భీమవరం వస్తుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరాడు. అక్కడ హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర పరిశోధనకు కుదిరాడు. ఒంట్లో భాస్వరం ఎంత ఉన్నదో రంగునుబట్టి కొలిచే పద్ధతి ఒకటి వాళ్ళిద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. దానిని ఇప్పటికీ పుస్తకాల్లో 'ఫిస్క్–సుబ్బారావ్ పద్ధతి' అనే రాస్తారు. ఆ పద్ధతిలో మందు కలిపితే నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే రంగు అంత ముదురు. అయితే కండనుంచి తీసిన రసంలో మాత్రం రంగు ఒక్కసారిగా రాక, నెమ్మదినెమ్మదిగా ముదురుతున్నది. ఇంకొకరయితే, మందు పాతబడిందనుకుని పారబోసేవారు. వీళ్ళు పారబోయలేదు. రంగు ఆలస్యమెందుకవుతున్నదా అని తరిచి చూశారు. కండలో భాస్వరమూ క్రియాటినూ చేతులు పట్టుకుని ఉన్నాయనీ, మందు తగిలాక ఆ పట్టు మెల్లిగా విడిపోతున్నదనీ 1927లో తేల్చారు. ఆ జంటకే 'ఫాస్ఫోక్రియాటిన్' అని పేరు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థాన్నే పట్టుకున్నారు.

దాని పనేమిటో చెబుతాను. మీ అమ్మ కొంగున చిల్లర ముడివేసుకుంటుంది. తలుపు దగ్గరకు కూరగాయలవాడు వస్తే ఆ ముడి విప్పి ఇస్తుంది. కండలో అటువంటి చిల్లర 'ఏటీపీ' అనే పదార్థం. అది రెండు మూడు క్షణాలకు మాత్రమే సరిపోతుంది. (దీన్ని కూడా 1929లో ఫిస్కూ, సుబ్బారావూ కండలోంచి వేరు చేశారు, ఆ ఏడే జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా కనిపెట్టాడు.) చిల్లర అయిపోతే మీ అమ్మ ఏం చేస్తుంది? పోపులపెట్టెలో దాచిన డబ్బు తీస్తుంది. ఆ పోపులపెట్టె డబ్బే ఫాస్ఫోక్రియాటిన్. మీరు గంట కొట్టగానే ఒక్క ఉదుటున బెంచీమీంచి లేచి పరుగెత్తారే, ఆ మొదటి కొద్ది క్షణాలూ మిమ్మల్ని పరుగెత్తించింది అదే. తరవాత తిన్న తిండీ, పీల్చిన గాలీ కలిసి తీరికగా సంపాదించి, ఈ రెంటినీ మళ్ళీ నింపుతాయి. కుర్చీలోంచి లేవడం కూడా ఈ కొద్ది క్షణాల పనే.

ఒంట్లోని క్రియాటిన్‌లో నూటికి 95 వంతులు కండలోనే ఉంటుంది. ప్రతిరోజూ దాంట్లో నూటికి ఇంచుమించు 2 వంతులు, ఎవరూ ఏమీ చెయ్యకుండానే, తనంతట తాను మారిపోయి క్రియాటినిన్ అవుతుంది. పేరులో ఒక్క అక్షరమే తేడా. కాని క్రియాటిన్ పనికివచ్చే సరుకు, క్రియాటినిన్ పనికిరాని బూడిద. అది రక్తంలోకి వస్తుంది, మూత్రపిండాలు దాన్ని వడగట్టి బయటికి తోసేస్తాయి. సుబ్బారావు పనిచేసిన శాఖకే అధిపతిగా ఉండిన ఆటో ఫోలిన్ 1905లోనే ఒక సంగతి గమనించాడు. మాంసం లేని తిండి తినే మనిషి శరీరంలోంచి రోజూ బయటికి పోయే క్రియాటినిన్ ఇంచుమించు ఒకే మోతాదులో ఉంటుంది, తిండి మార్చినా పెద్దగా మారదు.

ఎందుకు మారదో ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. పొయ్యి ఎంతదో బూడిద అంత. పెళ్ళివారి గాడిపొయ్యిలో గంపలకొద్దీ బూడిద వస్తుంది. ఒంటరి ముసలమ్మ పొయ్యిలో దోసెడే వస్తుంది. అయితే బూడిదను చూసి పొయ్యి ఎంతదో చెప్పవచ్చును గదా! మూత్రపిండాలు బాగా ఉన్నవాళ్ళకు క్రియాటినిన్ మరీ తక్కువగా ఉంటే, కండ తక్కువగా ఉన్నదని అనుమానించవచ్చు.

కాని ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. పెరట్లో మనకు కనిపించే బూడిద కుప్ప పొయ్యినిబట్టే ఉండదు, ఊడ్చేవాడినిబట్టి కూడా ఉంటుంది. కుప్ప చిన్నదిగా ఉన్నదంటే, ఊడ్చేవాడు మంచి పనిమంతుడై ఉండవచ్చు. లేదా పొయ్యే చిన్నదై ఉండవచ్చు. పెద్ద పొయ్యీ, పనిమంతుడూ ఒక ఇంట్లో. చిన్న పొయ్యీ, బద్ధకస్తుడూ ఇంకొక ఇంట్లో. రెండిళ్ళ పెరళ్ళలోనూ కుప్ప ఒక్కలాగే కనిపిస్తుంది! మేము పెద్దమ్మ కాగితంలో 0.7 చూసి, పనిమంతుడున్నాడని మురిసిపోయాం. డాక్టరమ్మ మాత్రం ఆమె జబ్బనూ, పిక్కనూ చూసి, పొయ్యే చిన్నదేమోనని అనుమానించింది. అదే నిజమైతే ఊడ్చేవాడు బద్ధకిస్తున్నా ఎవరికీ తెలియదు. నొప్పి మాత్రల్లో చాలావాటికి మూత్రపిండాలను దెబ్బతీసే గుణం ఉన్నది. అప్పటికే నీరసించినవాటిమీద ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

ఈ చిక్కు విప్పడం ఎలా? పొయ్యితో సంబంధం లేకుండా, రోజూ ఒకే మోతాదున పడే చెత్త ఏదన్నా ఉంటే బాగుండును. పెరట్లో వేపచెట్టు ఉన్నదనుకోండి. దాని ఆకులు వంటతో నిమిత్తం లేకుండా రాలుతాయి. నేలమీద ఆకులు ఎక్కువగా పోగుపడితే ఊడ్చేవాడు సరిగా ఊడ్వటం లేదని తేలిపోతుంది. రక్తంలో అటువంటి వేపాకు 'సిస్టాటిన్ సి' అనే చిన్న ప్రోటీను. మన ఒంట్లో కేంద్రకం ఉన్న జీవకణాలన్నీ దాన్ని తయారుచేస్తాయి. కండ ఎక్కువ, తక్కువలతో దానికి సంబంధం చాలా తక్కువ. మూత్రపిండాలు దాన్ని కూడా వడగడతాయి.

అందుచేత ఆకులనుబట్టి ఊడ్చేవాడి పనితనం తెలుసుకుని, ఆ తరవాత బూడిదనుబట్టి పొయ్యి ఎంతదో లెక్కకట్టవచ్చు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2017లో, ప్రాణాపాయ స్థితిలో ఉన్న రోగుల విషయంలో ఈ ఉపాయం ప్రయోగించి చూశారు. లెక్క బహు సుళువు. క్రియాటినిన్ అంకెను సిస్టాటిన్ అంకెతో భాగించి నూరుతో హెచ్చవేయడమే. వచ్చిన అంకె తక్కువైనకొద్దీ కండ తక్కువని అర్థం. ఆ తరవాత చాలా దేశాల్లో ముసలివారిమీద ఈ లెక్క వేసి చూస్తున్నారు.

డాక్టరమ్మ రాసిన రెండో పరీక్ష ఇదే. పెద్దమ్మకు సిస్టాటిన్ 1.3 వచ్చింది. అంత ఉండకూడదు. 0.7ను 1.3తో భాగించి నూరుతో హెచ్చవేస్తే ఎంతయిందో మీరే చేసి చూడండి. 54కు కాస్త తక్కువ రావాలి. పొయ్యి చిన్నది, ఊడ్చేవాడు కూడా అలసిపోయి ఉన్నాడు. పాతికేళ్ళ పిల్ల మూత్రపిండాలని మేము మురిసిన మూత్రపిండాలు ఇంచుమించు సగం పనే చేస్తున్నాయి! అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. కొంగుముడిలోని మాత్రలు ఆరోజుతో బంద్.

అయితే కండలేమిని పట్టుకోవడానికి రక్తంలో ఇదొక్కటే ఆనవాలా? కాదు, ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ చెబితే మీకు విసుగు పుడుతుంది గనక, నాకు బాగా నచ్చినవి చెబుతాను.

సముద్రంలో బల్లపరుపుగా ఉండే ఒక చేప ఉంది, ముట్టుకుంటే కరెంటు కొడుతుంది. ఆ కరెంటు పుట్టించే అవయవం నిజానికి రూపం మారిన కండే. దానికి నరాలు దండిగా ఉంటాయి. 1980ల్లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆ చేపలోంచి 'అగ్రిన్' అనే పదార్థాన్ని వేరు చేశారు. నరం వచ్చి కండకు అతుక్కునే చోట రెంటికీ అతుకు నిలబెట్టేది ఇదే. మనలోనూ ఉంది. ఒంట్లో కత్తెరలాంటి ఇంకొక పదార్థం అగ్రిన్‌ను కత్తిరిస్తూ ఉంటుంది. కత్తిరింపు మితిమీరితే అతుకు వదులవుతుంది. నరం పిలిచినా కండకు వినిపించదు. కత్తిరించిన ముక్కలు రక్తంలో తేలుతాయి. వాటిని లెక్కపెడితే ఎన్ని అతుకులు ఊడుతున్నాయో తెలుస్తుందని ఆశ. కాని, ఆ ముక్కలను బయటికి ఊడ్చేది మళ్ళీ మూత్రపిండాలే! పాత చిక్కే వచ్చి ఎదురుగా నిలబడింది.

ఇంకొకటి 'మయోస్టాటిన్'. కండను మరీ పెరగనివ్వకుండా కళ్ళెం పట్టుకునే పదార్థం. 1997లో అమెరికాలో సీ-జిన్ లీ, ఆయన తోటివారూ ఈ కళ్ళెం లేని ఎలుకలను తయారుచేస్తే, వాటికి మామూలు ఎలుకలకన్నా రెండు మూడు రెట్లు కండ పెరిగింది. బెల్జియం దేశంలో వస్తాదుల్లా కండలు తిరిగిన ఒకజాతి పశువులున్నాయి. వాటిలో పుట్టుకతోనే ఈ కళ్ళెం తెగి ఉంటుంది. అయితే కండ తగ్గినవాళ్ళ రక్తంలో మయోస్టాటిన్ ఎక్కువగా ఉండాలి గదా అని మీరనవచ్చు. శాస్త్రజ్ఞులూ అదే అనుకున్నారు. కాని దాన్ని తయారుచేసేది కూడా కండే. కండ తగ్గితే అది కూడా తగ్గవచ్చు! అందుకని కొన్ని పరీక్షల్లో ఒకలాగా, కొన్ని పరీక్షల్లో ఇంకొకలాగా వచ్చింది.

ఒంట్లో ఎక్కడో మంట రాజుకుంటుంటే వచ్చే పొగలాంటివి కొన్ని ఉన్నాయి. ఇంటర్‌ల్యూకిన్-6 అలాంటిది. ముసలివాళ్ళలో ఈ పొగ సన్నగా ఎప్పుడూ ఉండి, కండను తినేస్తుంది. కాని జ్వరం వచ్చినా పొగ వస్తుంది, పన్ను పుచ్చినా వస్తుంది. అంతేకాదు, గట్టిగా కసరత్తు చేసినప్పుడు కండే స్వయంగా ఇంటర్‌ల్యూకిన్-6ను రక్తంలోకి వదులుతుంది. ఇక ఆ అంకెను చూసి ఏమనుకోవాలి?

అందుచేత, ఇది ఇంత ఉంటే కండలేమి ఉన్నట్టే అని చెప్పే ఒక్క రక్తపరీక్ష కూడా ఇంకా స్థిరపడలేదు. నాలుగైదు ఆనవాళ్ళను కలిపి చూస్తే నయమేమోనని పరిశోధనలు జరుగుతున్నాయి. నా మటుకు నాకు క్రియాటిన్ దారే ఎక్కువ నమ్మకంగా కనిపిస్తున్నది. దాంట్లోనే ఇంకొక ముచ్చటైన ఉపాయం ఉంది. కుంటలో గుప్పెడు పసుపు కలిపి, అది ఎంత పలచబడిందో చూస్తే కుంటలో నీళ్ళెన్నో చెప్పవచ్చును గదా? అలాగే, గుర్తు పెట్టిన క్రియాటిన్‌ను పిసరంత మింగించి, కొన్నాళ్ళయాక మూత్రంలో ఆ గుర్తు ఎంత పలచబడిందో చూసి కండ అంతా ఎంతో లెక్కకడుతున్నారు. గుర్తు అంటే మామూలు హైడ్రోజన్ బదులు బరువైన హైడ్రోజన్ పెట్టడమన్నమాట.

ఈలోగా వైద్యులు చూసేది మొదట బలం, తరవాతే తక్కినవి. మీరు మొదట చూసివచ్చిన కుర్చీ ఇప్పుడు పనికివస్తుంది. ఆసియా దేశాల వైద్యులు కొందరు 2019లో ఒక లెక్క ఏర్పాటు చేశారు. చేతులు గుండెలమీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లుగాని అంతకు మించిగాని పడితే ఆలోచించాలి. పిడి నొక్కితే మగవాళ్ళకు 28 కిలోలు, ఆడవాళ్ళకు 18 కిలోలు దాటాలి. మామూలు నడకతో ఆరు మీటర్లు ఆరు సెకన్లలో నడవాలి. జపానులో ఇంకా తేలిక పద్ధతి ఒకటి ఉంది: రెండు చేతుల బొటనవేళ్ళూ, చూపుడువేళ్ళూ కలిపి ఉంగరంలా చుట్టి, ఎవరి పిక్కను వాళ్ళే పట్టుకుని చూస్తారు. పిక్కకూ ఉంగరానికీ మధ్య ఖాళీ మిగిలితే అనుమానించాలి. తాతయ్యచేత ఈ పరీక్షలు చేయించాలని మీకు సరదా పుడితే, కుర్చీని గోడకు ఆనించండి, పెద్దవాళ్ళెవరినైనా పక్కన నిలబెట్టుకోండి. పడ్డారంటే మీ సరదా ఖరీదు ఒక తుంటి ఎముక.

పెద్దమ్మకు అయిదుసార్లు లేవడానికి 19 సెకన్లు పట్టింది.

పోయిన కండ తిరిగి వస్తుందా? 1990లో బోస్టన్‌లో మరియా ఫియటరోన్ అనే వైద్యురాలు ఈ ప్రశ్నే వేసుకుంది. వృద్ధుల ఆశ్రమంలో తొంభై ఏళ్ళ ప్రాంతంలో ఉన్న పదిమందిచేత కాళ్ళతో బరువులెత్తించింది. పిచ్చిపని అన్నవాళ్ళు ఉండే ఉంటారు! ఎనిమిది వారాలయేసరికి, చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందికి కాళ్ళ బలం సగటున నూటికి 174 వంతులు పెరిగింది. ఇద్దరు చేతికర్ర పారేశారు.

మా పెద్దమ్మకు బరువులు దొరకలేదు. ఇసుక పోసి కుట్టిన గుడ్డసంచులు కాలిమడమలకు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళు చాపించాం. రోజు విడిచి రోజు. మొదటిరోజు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. తిండి సంగతి ఇంకొంచెం చిక్కుగా పరిణమించింది. ఆమె రాత్రిపూట పప్పు మానేసి చాలా ఏళ్ళయింది. చారూ, మజ్జిగా, పిడికెడు అన్నమూ. కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి, మూత్రపిండాలు అలసినవాళ్ళకు అవి మితిమీరకూడదు. ఈ రెంటికీ మధ్య ఎంత పెట్టాలో డాక్టరమ్మే కొలిచి చెప్పింది: ఉదయం పెసరట్టు, రాత్రి కప్పు పప్పు, గడ్డపెరుగు. ఇది ఎవరికి వారు తేల్చుకునే లెక్క కాదు సుమా.

మూడు నెలలయాక మళ్ళీ రక్తం తీశారు. క్రియాటినిన్ 0.7 ఉన్నది 0.8 అయింది. అన్నయ్య ముఖం వాడిపోయింది. "పెరిగిందండీ!" అన్నాడు. సిస్టాటిన్ 1.3 నుంచి 1.2కు దిగింది. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఊడ్చేవాడు కాస్త తెరిపిన పడ్డాడు. అయినా బూడిద పెరిగిందంటే పొయ్యి పెరిగి ఉండవచ్చు. కాని ఇంత చిన్న తేడా కొలతలో కూడా వస్తుంది. కాగితాలు అలా ఉంచండి. పెద్దమ్మగారూ, ఆ కుర్చీలో కూర్చోండి," అన్నది.

పెద్దమ్మ చేతులు కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చుంది. 14 సెకన్లు. పిడి నొక్కితే 16 కిలోలు. రెండూ ఇంకా గీతకు అవతలే ఉన్నాయి. వచ్చే మూడు నెలలకు ఇసుక సంచుల బరువు పెంచమని డాక్టరమ్మ చెప్పింది.

ఇంటికి వచ్చాక పెద్దమ్మ తడిచీర పిండి దండెంమీద వేసింది. నేను కింద నేలవైపు చూస్తూ నిలబడ్డాను. చుక్కలు కారుతున్నాయి, సంక్రాంతికి కారినట్టు ధారగా మాత్రం కాదు.

"ఏమిట్రా ఆ చూపు? ఆ కొస పట్టుకో, ఇంకోసారి పిండుదాం," అన్నది.